ప్రచార ఈమెయిల్ పంపితే కేసు పెట్టవచ్చా?

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి. కలంకారీ చీరలు, దుపట్టాలు ఆన్‌లైన్‌లో అమ్ముతాం. గతంలో మా దగ్గర కొన్నవారికి, తిరుపతి ప్రదర్శనలో మా స్టాల్‌లోని రిజిస్టరులో చిరునామా రాసినవారికి పండుగల ముందు ఈమెయిల్ పంపుతుంటాం. వీరిలో కొందరు అమెరికాలో ఉన్నారు. ఈ మధ్య ఒకాయన, మెయిళ్లు ఆపకపోతే ఐటీ చట్టం 66ఎ సెక్షన్ కింద కేసు పెడతానని రాశారు. మరోవైపు ఒక ఏజెంటు లక్ష ఈమెయిల్ చిరునామాలు అమ్ముతానంటున్నాడు. ఏం చేయమంటారు? మేము పంపిన మెయిల్ నకలు జతచేశాను. — ఒక పాఠకుడు

జవాబు: ఆయన చెప్పిన సెక్షన్ ఇప్పుడు అమలులో లేదు. చికాకు కలిగించే ఉద్దేశంతో ఈమెయిల్ పంపడం 66ఎ కింద ఒకప్పుడు నేరమే. అయితే శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను పూర్తిగా కొట్టివేసింది. ఆ తరువాత కూడా కొన్నిచోట్ల పోలీసులు దాని కింద కేసులు నమోదు చేస్తుండటంతో, ఎవరినీ ఆ సెక్షన్ కింద విచారించకూడదని 2022లో మరోసారి స్పష్టం చేసింది.

కోరని వాణిజ్య ఈమెయిళ్ల కోసమే చేసిన చట్టం మన దేశంలో లేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనలు ఫోన్ కాల్స్‌కు, ఎస్ఎంఎస్‌లకు వర్తిస్తాయి తప్ప ఈమెయిల్‌కు కాదు. అంతమాత్రాన ఏది పంపినా చెల్లుతుందని అనుకోవద్దు. మీరు జతచేసిన మెయిల్‌లో నాకు రెండు అభ్యంతరాలు కనిపించాయి. శీర్షికలో ‘మీ ఆర్డరు వివరాలు’ అని ఉంది, తెరిస్తే దీపావళి తగ్గింపు ధరలు ఉన్నాయి. ఇది గ్రహీతను మభ్యపెట్టి మెయిల్ తెరిపించడమే. రెండవది మరింత తీవ్రమైనది. మూడవ ఫొటోలోని చీర అచ్చు వేసినదని మీరే ధరల పట్టికలో రాశారు, కానీ ఫొటో కింద ‘చేతితో వేసిన కాళహస్తి కలంకారీ’ అని ఉంది. ఆ ప్రాంతానికే చెందినదిగా భౌగోళిక గుర్తింపు (జీఐ) పొందిన కళ పేరును అచ్చు గుడ్డకు తగిలిస్తే, అది వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటన అవుతుంది. కరక్కాయ, పాలలో నానబెట్టిన గుడ్డపై వెదురు కలంతో రోజుల తరబడి గీసే మీ ఊరి కళాకారులకు కూడా అది అన్యాయమే. ఆ వాక్యాన్ని వెంటనే తీసివేయండి.

ఇక సమ్మతి సంగతి. చిన్న వ్యాపారికి ఈమెయిల్ కంటే చవకైన ప్రచార మార్గం లేదనే వాదన నిజమే. దాన్ని మీకు దూరం చేయాలని నేను కోరను. కానీ పంపేవారికి ఖర్చు దాదాపు లేకపోవడం వల్లనే, ఏరి పారేసే శ్రమంతా అందుకునేవారి మీద పడుతోంది. అందుకే చట్టం సమ్మతిని అడుగుతోంది. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, ఫలానా ప్రయోజనానికి అని తెలిసి ఇచ్చినదై ఉండాలి. ఇచ్చినంత సులువుగా దాన్ని ఉపసంహరించుకునే వీలూ ఉండాలి. నియమావళి 2025 నవంబరులో వెలువడింది, ప్రధాన బాధ్యతలు 18 నెలల తరువాత అమలులోకి వస్తాయి. ఈ గడువును సిద్ధపడటానికి వాడుకోండి. పార్సిల్ సమాచారం కోసం ఇచ్చిన చిరునామాను ప్రచారానికీ ఇచ్చినట్టు భావించకూడదు. మీ రిజిస్టరులో ‘కొత్త డిజైన్ల వివరాలు ఈమెయిల్‌లో పంపవచ్చా?’ అనే గడి ఒకటి చేర్చి, ఒప్పుకున్నవారి చేత టిక్కు పెట్టించండి. ఇప్పటికే సమ్మతి ఇచ్చి ఉన్నవారికి, వారి డేటాను ఎందుకు వాడుతున్నారో తెలిపే నోటీసు పంపవలసి ఉంటుంది.

ఏజెంటు అమ్మే జాబితాను మాత్రం కొనవద్దు. ఆ లక్ష మందిలో మీకు సమ్మతి ఇచ్చినవారు ఒక్కరూ ఉండరు. అనుమతి లేకుండా ఏదో సంస్థ కంప్యూటర్ నుంచి ఆ డేటా తీసి ఉంటే అది ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల పరిధిలోకి వస్తుంది, విచారణలో మీ పేరూ బయటికి వస్తుంది. పైగా గ్రహీతలు వరసగా స్పామ్ అని నొక్కితే, మీ పాత కస్టమర్లకు పంపే మెయిళ్లు కూడా స్పామ్ ఫోల్డరులోకి పోతాయి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ పెద్ద ఎత్తున మెయిళ్లు పంపేవారిని స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకుండా చూసుకోమంటోంది.

అమెరికాలోని కొనుగోలుదారుల విషయంలో అక్కడి 2003 నాటి క్యాన్-స్పామ్ చట్టాన్ని కూడా పాటించండి. అది ముందస్తు సమ్మతి అడగదు కానీ నిజమైన శీర్షిక, మీ పోస్టల్ చిరునామా, మెయిళ్లు వద్దని చెప్పే మార్గం తప్పనిసరి అంటుంది. వద్దన్నవారికి 10 పనిదినాల్లోగా ఆపాలి. ఐరోపా దేశాలకైతే సాధారణంగా ముందస్తు సమ్మతి ఉండాలి.

మీకు రాసిన పెద్దమనిషితో సెక్షన్ గురించి వాదనకు దిగవద్దు. వారి చిరునామాను ప్రచార జాబితా నుంచి తొలగించి, ఆ సంగతి క్షమాపణతో ఒక్కసారి తెలియజేసి, ఆ జవాబు నకలును తేదీతో సహా భద్రపరచుకోండి. ఆ చిరునామాను ‘పంపకూడని’ జాబితాలో వేరుగా రాసి ఉంచండి. లేకపోతే పాత రిజిస్టరును మళ్లీ ఎక్కించినప్పుడు వారికి మరో మెయిల్ వెళ్లిపోతుంది.