అనుమానం పోయాకే మొదలుపెట్టాలా?

"నా వల్ల అవుతుందా అనే అనుమానం పోయాకే లక్ష్యం కోసం పని మొదలుపెట్టాలా" అని చాలామంది అడుగుతుంటారు, అక్కర్లేదు, ఆ అనుమానం ఉండగానే మొదలుపెట్టాలి, చేసే కొద్దీ అదే తగ్గుతుంది.

ఎందుకంటే నమ్మకం ఊరికే రాదు. ఇంతకుముందు మనం చేసి చూసుకున్నదాన్ని బట్టే "చేయగలను" అనిపిస్తుంది, కాబట్టి ఏమీ చేయకుండా కూర్చుంటే నమ్మడానికి మన దగ్గర ఆధారమే ఉండదు, ఎవరెంత ధైర్యం చెప్పినా ఆ ఉత్సాహం రెండు రోజులకు మించి నిలవదు.

శ్రీకాకుళంలో కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేరయ్యే కుర్రాడిని తీసుకోండి. 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరిగెత్తాలి, తొలిరోజు రెండో రౌండుకే డొక్కలో పోటు వచ్చి ఆగిపోతే "నా వల్ల కాదు" అనిపించడం సహజమే. అదే దూరాన్ని 400 మీటర్ల చొప్పున నాలుగు రౌండ్లుగా విడగొడితే ఒక్కో రౌండుకు 2 నిమిషాలు. ముందు ఒక్క రౌండు ఆ టైంలో పూర్తిచేసి, ఫోన్లో స్టాప్‌వాచ్ చూసి, చిన్న నోట్‌బుక్‌లో రాసుకోవాలి. నెల తర్వాత మళ్లీ భయమేస్తే ఆ పేజీలే జవాబు చెబుతాయి, పక్కవాడు ఎంత స్పీడుగా వెళ్తున్నాడో చూడకపోతే ఇంకా మంచిది.

చాలామంది పొరబడేది ఇక్కడే. అనుమానం వచ్చిందంటే తమకు ఆ సత్తా లేదనుకుంటారు. నిజానికి మనకు ముఖ్యమైన పని, అదీ కొత్తదైతే, టెన్షన్ రావడం మామూలే, దాన్నిబట్టి ఫలితం ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు.