ఎనిమిది గెలాక్సీల రెడ్‌షిఫ్టూ ఎక్కువే వస్తే, సగటు తీసి లాభం లేదు

జగిత్యాల నుంచి డిగ్రీ విద్యార్థి ఒకరు అడిగింది ఇదీ: స్లోన్ సర్వే (గెలాక్సీల వర్ణపటాలను పెద్ద ఎత్తున తీసిన ఆకాశ సర్వే) వర్ణపటాలు దించుకుని ఎనిమిది గెలాక్సీల రెడ్‌షిఫ్ట్ (కాంతి గీతలు ఎరుపు వైపు ఎంత నిష్పత్తిలో జరిగాయో చెప్పే సంఖ్య) సొంతంగా లెక్కగట్టాను, ప్రతిదానికీ వాళ్ల పట్టికలో ఉన్నదానికంటే 0.0003 దాకా ఎక్కువే వస్తోంది, ఇంకో యాభై చేసి సగటు తీస్తే సరిపోతుందా?

సరిపోదండి. యాభై కాదు, ఐదు వేలు చేసినా ఆ 0.0003 అక్కడే కూర్చుంటుంది. ఒకసారి ఎక్కువా ఒకసారి తక్కువా వచ్చే తేడా సగటులో కొట్టుకుపోతుంది. ఎప్పుడూ ఒకే వైపు వచ్చేది పోదు. ఇంటర్‌లో యాదృచ్ఛిక దోషాలు, క్రమ దోషాలు అని చదువుకున్నాం కదా, మీది రెండో రకం. అది ఎక్కడినుంచి వస్తోందో కూడా దాదాపు చెప్పగలను. హనుమకొండలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నప్పుడు అచ్చం ఇదే నాకూ వచ్చింది.

హైడ్రోజన్ ఆల్ఫా గీతకు (వర్ణపటంలో హైడ్రోజన్ ఇచ్చే ఎరుపు గీత) మీరు వాడిన అసలు తరంగదైర్ఘ్యం ఎంత? 6562.8 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు) అయితే దొంగ దొరికినట్టే. అది గాలిలో కొలిచిన విలువ. ల్యాబ్ పట్టికల్లో మామూలుగా ఉండేది అదే. స్లోన్ ఫైళ్లలో తరంగదైర్ఘ్యాలన్నీ శూన్యంలోవి, అక్కడ ఆ గీత 6564.6 దగ్గర ఉండాలి. గాలి స్కేలుతో శూన్యాన్ని కొలిస్తే ప్రతి గెలాక్సీ కొంచెం ఎక్కువ జరిగినట్టే కనిపిస్తుంది.

నేను 22 గెలాక్సీలు తీసుకున్నాను. ఒక్కోదానిలో హైడ్రోజన్ ఆల్ఫా, హైడ్రోజన్ బీటా, ఆక్సిజన్ 5007 (గాలిలో దాని తరంగదైర్ఘ్యమే పేరు), మూడు గీతలు కొలిచాను. మూడూ ఒకే జవాబు చెప్పడంతో నా కొలతలో తప్పు లేదని గట్టిగా నమ్మాను. రెండు వారాలు ఆ నమ్మకంలోనే పోయాయి. అసలు మోసం అక్కడే ఉంది. గాలి వక్రీభవన గుణకం 1.00028 చిల్లర, అది నీలం దగ్గరైనా ఎరుపు దగ్గరైనా దాదాపు అంతే. అందుకని గీతలన్నీ ఒకే నిష్పత్తిలో తప్పుతాయి, వాటిలో వాటికి తగాదా రాదు. గీతలు ఒకదానితో ఒకటి కలిశాయంటే గీతల గుర్తింపు సరైనదని మాత్రమే అర్థం, స్కేలు సరైనదని కాదు.

చిన్న తేడానే కదా అనుకోకండి. 0.00028ని కాంతి వేగంతో గుణిస్తే సెకనుకు సుమారు 84 కిలోమీటర్లు. హబుల్ స్థిరాంకం (గెలాక్సీల వేగాన్ని దూరంగా మార్చే సంఖ్య) 70 అనుకుంటే దూరంలో దాదాపు 39 లక్షల కాంతి సంవత్సరాల తప్పు. ఆండ్రోమెడా మనకు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోనే ఉంది!

మాది పరకాల వైపు పల్లె. నాన్న పత్తి అమ్మడానికి పోతే బస్తా ఎక్కించకముందే ఉత్త కాంటా ఎంత చూపిస్తుందో చూసేవాడు. ఒకసారి మైనస్ అర కిలో చూపిస్తుంటే, "నలభై బస్తాలు జోకితే నలభైసార్లు నష్టమే, ముందు దీన్ని సున్నకు తీస్కరా" అని పట్టుబట్టాడు. ప్రాజెక్టులో తల పట్టుకుని కూర్చున్నప్పుడు ఆ మాటే గుర్తొచ్చింది. వర్ణపటానికి ఉత్త కాంటా ఏది?

ఉంది, ఆకాశమే. చీకటి రాత్రి కూడా పై వాతావరణంలోని ఆక్సిజన్ 5577.3 దగ్గర ఆకుపచ్చగా వెలుగుతుంది. అది భూమిదే, గెలాక్సీది కాదు. స్లోన్ ఫైలులో గెలాక్సీ వెలుగు పక్కనే ఆకాశం వెలుగు ఇంకో కాలమ్‌లో ఉంటుంది. దాన్ని గ్రాఫ్ గీసి చూస్తే సన్నటి నిటారు గీత 5577 మీద లేదు, 5579 పక్కన నిలబడి ఉంది. శూన్యంలో దాని చోటు 5578.9. చిక్కుముడి అంతా అప్పుడు విడిపోయింది. మీ దాంట్లో అది అర ఆంగ్‌స్ట్రామ్ అటూఇటూ ఉన్నా కంగారు పడొద్దు. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో తిరగడం వల్ల వచ్చే తేడాను వాళ్లే సరిచేసి ఇస్తారు, ఆ సవరణతో ఆకాశం గీత కూడా కాస్త కదులుతుంది. అదే సవరణ మీరు మళ్లీ చేస్తే మాత్రం ఇంకో క్రమ దోషం తెచ్చిపెట్టుకున్నట్టే.

ఇలాంటి తేడా ఇంకోటి కూడా ఉంది. సూర్యుడు విశ్వ నేపథ్య వికిరణంతో (బిగ్ బ్యాంగ్ నుంచి మిగిలి ఆకాశమంతా నిండిన వెలుగు) పోలిస్తే సెకనుకు 370 కిలోమీటర్ల వేగంతో పోతున్నాడు. దీని ప్రభావం ఆకాశంలో ఒక సగంలో ఎక్కువగా, ఇంకో సగంలో తక్కువగా పడుతుంది. మీ ఎనిమిదీ ఒకే మూలవైతే హబుల్ గ్రాఫ్ (వేగానికీ దూరానికీ మధ్య గీసేది) గీసేటప్పుడు అందులో ఎంతో కొంత అన్నింటికీ ఒకేలా అంటుకుంటుంది. పట్టికతో పోల్చడానికి మాత్రం దీనితో పని లేదు.

కొన్ని తప్పులు గెలాక్సీలోనే ఉంటాయి. చురుకైన కేంద్రం ఉన్నవాటిలో వాయువు మనవైపు ఎగజిమ్ముతుంటే ఆక్సిజన్ 5007 గీత నీలం వైపుకు తోకలా సాగుతుంది. క్వేజార్లలో (అతి ప్రకాశవంతమైన గెలాక్సీ కేంద్రాలు) కార్బన్ గీత సెకనుకు వందల కిలోమీటర్ల మేర, ఒక్కోసారి వేయి దాటి జరుగుతుంది. రంగులను బట్టి అంచనా వేసే రెడ్‌షిఫ్ట్‌ల సంగతి మరీ ఘోరం. జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు చూసిన సీర్స్-93316 గెలాక్సీ రెడ్‌షిఫ్ట్ 16 దాకా ఉంటుందన్నారు, 2023లో వర్ణపటం తీస్తే 4.9 అని తేలింది.

ఇప్పుడు శూన్యపు విలువలు, హైడ్రోజన్ బీటాకు 4862.7, ఆక్సిజన్‌కు 5008.2, హైడ్రోజన్ ఆల్ఫాకు 6564.6 పెట్టి అవే ఎనిమిదీ మళ్లీ చేయండి, కొత్తవి వద్దు. స్లోన్ వర్ణపటంలో ఒక్క పిక్సెలే సెకనుకు 69 కిలోమీటర్లు, కాబట్టి అందులో కొంత భాగం మేర తేడాలు ప్లస్‌లో కొన్ని, మైనస్‌లో కొన్ని మిగలడం మామూలే. అప్పుడు కూడా అన్నీ ఒకే వైపు ఉంటే ఒక గెలాక్సీ గ్రాఫూ, దాని ఆకాశం గ్రాఫూ కింద పెట్టండి, కలిసి చూద్దాం.