సూట్‌కేసు తీసెయ్

తమ్ముడూ,

1980లలో సోవియట్ సైన్యంతో పోరాడిన అఫ్గాన్ ముజాహిదీన్ల మీద నువ్వు రాసిన నవల చదివాను. మంచులో కంచరగాడిదల వాడు బరువు దించగానే, తన కాళ్ళు చూసుకోకుండా ముందు వాటి గిట్టలు తడిమి చూసే చోటు బాగుంది. మిగతాది చదువుతుంటే ఒళ్ళు మండింది.

నాలుగో అధ్యాయంలో చార్లీ విల్సన్ పెషావర్ హోటల్లో ముజాహిదీన్ కమాండర్‌కి డాలర్ల సూట్‌కేసు అందిస్తాడు. ఆ టెక్సాస్ కాంగ్రెస్ సభ్యుడికి అంత ఖర్మ పట్టలేదయ్యా. ప్రతినిధుల సభలో ఖర్చులు మంజూరు చేసే కమిటీలో, అందులోనూ రక్షణ పద్దులు చూసే ఉపసంఘంలో కూర్చున్న మనిషి. ముజాహిదీన్లకు ఆయుధాలు పంపే అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ డబ్బు ఆ రక్షణ బడ్జెట్లోనే దాక్కుని ఉంటుంది. ఓటు వేసేది 435 మంది, అసలు అంకె చూసేది గుప్పెడు మంది. ఒకరికి తన ఊరి ఫ్యాక్టరీ కావాలి, ఇంకొకరికి ఓడ కావాలి. వాళ్ళ పనులకు చెయ్యెత్తి, తన వంతు రాగానే అఫ్గానిస్తాన్ పేరు ఎత్తేవాడు. 1983లో అలా రాబట్టిన అదనపు 4 కోట్ల డాలర్లలో 1.7 కోట్లు విమానాల్ని, హెలికాప్టర్లను కూల్చే ఆయుధాలకే. రహస్యాన్ని చీకటి గదుల్లో వెతికే రోగం మన రచయితలకు ఎప్పుడు పోతుందో. అది పద్దులో ఉంటుంది, పద్దు చదవడం నేర్చుకో.

మంజూరైన డబ్బుకు సౌదీ అంతకు అంత కలిపేది. అమెరికా ముద్ర కనపడకుండా ఈజిప్టులో, చైనాలో సోవియట్ నమూనా ఆయుధాలు కొనేవాళ్ళు. సరుకు కరాచీ రేవులో దిగి, రావల్పిండి దగ్గరి ఓజ్రీ డిపోకి, అక్కడి నుంచి పెషావర్‌కి చేరేది. పాకిస్తాన్ గడ్డ మీద పంపకమంతా ఆ దేశపు గూఢచారి సంస్థ ఐఎస్ఐదే. ఏడు ముజాహిదీన్ పార్టీల్లో హెక్మత్యార్ పార్టీకి పెద్ద వాటా, పంజ్‌షీర్ లోయలో పోరాడుతున్న కమాండర్ మసూద్‌కి అరకొర. నీ కమాండర్ బతిమాలాల్సింది విల్సన్‌ని కాదు, ఐఎస్ఐ కర్నల్‌ని.

విల్సన్ పట్టుబట్టి కొనిపించిన విమానాల్ని కూల్చే స్విస్ ఓర్లికాన్ 20 మి.మీ. తుపాకిని నువ్వు ముట్టుకోనే లేదు. ఖరీదెక్కువ, బరువు మరీ ఎక్కువ. కొండదారిలో ముక్కలు చేసి మోయించాలంటే కంచరగాడిదల మందే కావాలి. వాషింగ్టన్‌లో ఒకరి మొండితనం ఎంత బరువో నీ గాడిదల వాడికి తెలిసే చోటు అదే.

విమానాల్ని కూల్చే అమెరికా క్షిపణి స్టింగర్‌ని 1983లోనే పేల్చేశావు. అది అక్కడ మొదటిసారి పేలింది 1986 సెప్టెంబర్ 25న, జలాలాబాద్ విమానాశ్రయం దగ్గర. భుజం మీద దాదాపు 15 కిలోల బరువు. బ్యాటరీ మీట నొక్కాక చేతిలో ఉండేది 45 సెకన్లు. ఆలోపు క్షిపణి ముక్కు ఇంజన్ వేడిని పట్టి కూత పెట్టాలి. లేదంటే ఆ బ్యాటరీ వృథా, ఇంకోటి బిగించాలి. ఆ రోజు మొదటి క్షిపణి తుస్సుమని నేల మీద పడింది. నీ వీరుడు మాత్రం దాన్ని భుజాన పెట్టుకుని ఒకటిన్నర పేజీ తల్లిని తలుచుకున్నాడు.

లాస్ వేగాస్‌లో విల్సన్ దిగిన హాట్ టబ్‌కి మాత్రం పదకొండు పేజీలు! వారపత్రికల సంపాదకులు నేర్పిన చెడ్డ అలవాటు ఇది. వారం వారం ఒక తాగుడు సీను, ముగింపులో దేశభక్తితో ప్రాయశ్చిత్తం. విల్సన్ కొకైన్ వాడాడన్న ఆరోపణ మీద అమెరికా న్యాయశాఖ దర్యాప్తు చేసి, ఆధారాలు చాలక 1983లో వదిలేసింది. ఆ 4 కోట్లు వచ్చిందీ ఆ ఏడే. రెండింటినీ ఒకే పేజీలో పెట్టి ఊరుకో, నీ తీర్పు ఎవరికి కావాలి?

ప్రచురణకర్తల సంగతి అడిగావు. తర్వాత చూద్దాం.

1989 ఫిబ్రవరి 15న సోవియట్ సైన్యం సరిహద్దు వంతెన దాటి అఫ్గానిస్తాన్ వదలగానే నీ కథ అయిపోయింది. ఆయుధాలు ఆపాలని అమెరికా, సోవియట్ యూనియన్ ఒప్పుకున్నది 1992 జనవరి 1 నుంచి. సోవియట్ సైన్యం వెళ్ళాక, ఊరికే ఇచ్చిన స్టింగర్లనే సీఐఏ డబ్బిచ్చి తిరిగి కొనడానికి తిరిగింది, అదీ ఎక్కువగా ఐఎస్ఐ ద్వారా. నీ కమాండర్ దగ్గర రెండు మిగిలాయనుకో. ఎంత అడుగుతాడు, మధ్యలో కర్నల్ ఎంత నొక్కుతాడు? ఆ బేరం రాసి పంపు.