అసిస్టెంట్ కోచ్‌గా చేరబోయే అల్లుడికి

అనంతపురం

నాయనా,

బాస్కెట్‌బాల్ జట్టులో అసిస్టెంట్ కోచ్‌గా చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. చానా సంతోషం. చూసిందాంట్లోంచి ఏ ఒక్క మాట, ఎప్పుడు హెడ్ కోచ్ చెవిన వేయాలో తెలియడమే ఈ పనిలో కష్టం.

ఎదుటి జట్టువి కనీసం 3 మ్యాచులు పూర్తిగా చూడు. ప్రతి పొసెషన్‌కూ (బంతి వాళ్ల చేతికొచ్చి పోయేదాకా) ఒక వరస రాయి: స్క్రీన్ (కాపలా కాసేవాడికి అడ్డం నిలబడడం) ఎక్కడ పెట్టారు, షాట్ ఎవరు వేశారు. హెడ్ కోచ్‌కు 2 పేజీలు, ఆటగాళ్లకు ఒక్క పేజీ, 10 నిమిషాల వీడియో చాలు. "వాళ్ల గార్డు (బంతి నడిపేవాడు) బాగా ఆడతాడు" అని రాస్తే ఏం లాభం? "కుడికి పోతే రింగు దాకా దూరతాడు, ఎడమకు పోతే 2 డ్రిబుల్స్‌కే ఆగి షాట్ వేస్తాడు. ఎడమకే తోలండి" అని రాయి. పిల్లోళ్లకు ఆటలో గుర్తుండేవి ఇట్లాంటివి మూడే. చేరేలోపు ఎస్కే యూనివర్సిటీ కాలేజీల మ్యాచులకు పోయి, ఇట్లా రాసి చెయ్యి తిప్పుకో. ఎరిక్ స్పోల్‌స్ట్రా 1995లో అమెరికా ఎన్‌బీఏ జట్టు మయామీ హీట్‌లో వీడియో పనితోనే మొదలుపెట్టి, 2008లో ఆ జట్టుకే హెడ్ కోచ్ అయ్యాడు.

షూటింగ్ ప్రాక్టీసులో బంతి అందించేది నువ్వే. పాస్ ఛాతీ ముందర, షాట్ వేసే చేతి పక్కకు పడాలి. మోకాళ్ల దగ్గర పడితే వాడు వంగి లేచి మళ్లీ కాళ్లు సర్దుకోవాల్సి వస్తుంది. షాట్ చెడితే వాడినే తిడతాం. ఒక్కో చోట ఎన్ని వేశాడో, ఎన్ని పడ్డాయో రాసుకో. అప్పటిదాకా బాగా వేసినోడి షాట్లు వరసగా రింగు ముందంచుకు తగులుతుంటే కాళ్లు అలిసినట్టే లెక్క, ఆపెయ్. వేసవిలో మన సిమెంటు కోర్టుల మీద పొద్దున ఐదున్నరకు మొదలుపెట్టి ఎనిమిదికల్లా ముగించాలి. దుమ్ముకు బంతి జారుతుంది, తుడిచే గుడ్డ దగ్గర ఉండాల.

మ్యాచులో ఫౌళ్ల లెక్క నీదే. క్వార్టర్‌లో 5వ టీమ్ ఫౌల్ నుంచి ఎదుటోళ్లకు 2 ఫ్రీ త్రోలు పోతాయి కాబట్టి, 4 కాగానే కోచ్‌కు చెప్పు. రెండో సగంలో టైమౌట్లు 3. చివరి 2 నిమిషాలు మొదలయ్యేలోపు ఒక్కటీ వాడకపోతే మిగిలేవి రెండే. స్కోరు రాసే టేబుల్ దగ్గర ఏమన్నా అడగాలంటే గడియారం ఆగినప్పుడే అడగాలి. హెడ్ కోచ్ నిలబడి ఉంటే నువ్వు కూర్చో, నిబంధన అదే.

టైమౌట్ 1 నిమిషమే. ఆటగాళ్లు వచ్చి కూర్చునేలోపు కోచ్‌తో ఒక్క మాట అను: "స్విచ్ (ఒకరు కాసే మనిషిని ఇంకొకరు మార్చుకోవడం) ఆపుదాం సార్, వాళ్ల పొడుగోడు మన గార్డు మీద నాలుగు సార్లు వేశాడు." ఆయన వద్దంటే బోర్డు చేతికిచ్చి, ఆయన చెప్పిందే నువ్వూ చెప్పు. పిల్లల ముందర అడ్డం మాట్లాడితే ఇద్దరి మాటా చెల్లదు. మ్యాచ్ అయ్యాక, తలుపేసుకుని ఎంతసేపైనా వాదించుకో.

ఆడించడం లేదని పిల్లలు నీ దగ్గరికే వస్తారు. ఓపిగ్గా విను. "నేనైతే ఆడించేవాణ్ని" అని మాత్రం అనొద్దు, ఆ మాట సాయంత్రానికే కోచ్‌కు చేరుతుంది. ఏది నేర్చుకుంటే ఆడతాడో కోచ్‌నే అడిగి, మర్నాడు పొద్దున ఆ ఒక్కటీ దగ్గరుండి చేయించు.

హెడ్ కోచ్ మారితే అసిస్టెంట్లనూ మార్చడం ఈ వృత్తిలో మామూలే. అందుకే పటియాలా ఎన్ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) కోచింగ్ డిప్లొమా వాయిదా వేయొద్దు. కాంట్రాక్టులో జీతం ఏ తేదీకి వేస్తారో, ప్రయాణ ఖర్చు ఎవరిదో, మధ్యలో తీసేస్తే ఎన్ని నెలల జీతం ఇస్తారో చూసుకున్నాకే సంతకం పెట్టు. ఒక నకలు మీ అమ్మ దగ్గర పెట్టిపో.

ఆశీస్సులతో,
మీ మామ