ఇంత వైద్యం ఉన్న జపాన్‌లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో ఆడవాళ్ళు ఇంకా ఎందుకు చనిపోతున్నారు?

జపాన్‌కి కొత్తగా వచ్చానని, వార్డు ఆఫీసు నుంచి స్క్రీనింగ్ కవరు, అంటే ఈ జబ్బును ముందే పట్టుకునే పరీక్షకి రమ్మనే కవరు, వచ్చిందని, వెళ్ళాలా వద్దా అని కూడా అడిగారు. తప్పకుండా వెళ్ళండి.

నేను టోక్యోలో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను. మొదటిసారి ఆ కవరు వచ్చినప్పుడు అంతా జపనీస్‌లో ఉందని ఫ్రిజ్ మీద పడేశాను. ఏడాది అక్కడే ఉంది. దాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకునేలా చేసింది మా ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి. 2001లో పుట్టింది. 23 ఏళ్ళకే టెస్టులో తేడా కనిపించి, ముఖద్వారం దగ్గర కొంత భాగం కోసి తీశారు. ఇంకా క్యాన్సర్‌గా మారలేదు, అదృష్టం. సెలవు నుంచి వచ్చిన రోజు లంచ్ బాక్సు మూత కూడా తీయకుండా కూర్చుని, "అప్పుడు మా అమ్మ భయపడి టీకా వేయించలేదు" అంది.

ఆ తల్లిని నేను తప్పుపట్టలేను. ఈ క్యాన్సర్ ఎక్కువగా హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తుంది. దాన్ని అడ్డుకునే టీకాను 2013 ఏప్రిల్‌లో ప్రభుత్వం అమ్మాయిలందరికీ ఇచ్చే టీకాల్లో చేర్చింది. టీకా తర్వాత నొప్పులు, వణుకు వచ్చాయంటూ కొందరు అమ్మాయిలను టీవీలో చూపించారు. జూన్‌కల్లా "వేయించుకోండి" అని చెప్పడం ప్రభుత్వమే ఆపేసింది. దాదాపు 70 శాతం మంది వేయించుకుంటున్న టీకా 1 శాతం లోపుకి పడిపోయింది. నగోయా నగరంలో సుమారు 30 వేల మంది అమ్మాయిల వివరాలు చూస్తే, ఆ లక్షణాలు టీకా వేయించుకోనివాళ్ళలోనూ అంతే ఉన్నాయని తేలింది. 2018లో ఆ ఫలితం అచ్చయింది. అయినా మళ్ళీ సిఫారసు చేయడానికి 2022 ఏప్రిల్ దాకా పట్టింది. ఆ తొమ్మిదేళ్ళు తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. 2013 నుంచి 2019 వరకు టీకా ఆగినందుకే మున్ముందు 5 వేల మందికి పైగా చనిపోవచ్చని 2020లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చిన అంచనా.

అయితే మరణాల కథ టీకా కంటే పాతది. యుద్ధం తర్వాత కొన్ని దశాబ్దాలు మరణాల రేటు బాగా తగ్గుతూ వచ్చింది. అందులో స్క్రీనింగ్ పాత్ర పెద్దది. 1990ల నుంచి ఆ తగ్గుదల ఆగిపోయింది, 50 ఏళ్ళలోపు వాళ్ళలో పెరిగింది కూడా. ఇప్పుడు ఏటా దాదాపు 11 వేల మందికి ఈ జబ్బు వస్తోంది, 2,900 మంది దాకా చనిపోతున్నారు. చిన్నపిల్లల తల్లులను తీసుకుపోతుందని ఇక్కడ దీన్ని 'మదర్ కిల్లర్' అంటారు. 2004 నుంచి 20 ఏళ్ళు దాటినవాళ్ళకి రెండేళ్ళకోసారి పరీక్ష ఉన్నా, వెళ్ళేది 43 శాతం దగ్గరే. మిగతావాళ్ళ కవర్లు నాదానిలాగే ఫ్రిజ్ మీద ఉంటాయేమో.

పరీక్ష గురించి టెన్షన్ వద్దు. బట్టలు ఒక బుట్టలో పెట్టి కుర్చీలో కూర్చుంటే, అదే పైకి లేచి వెనక్కి వాలుతుంది. నడుము దగ్గర తెర ఉంటుంది, డాక్టరు ముఖం కనిపించదు. మొదట నాకు అదే భయమేసింది. తెర తీయమని అడిగితే తీశారు, మీరూ అడగొచ్చు. బ్రష్‌తో తుడిచి తీసినట్టు ఉంటుంది, ఒక నిమిషం కూడా పట్టదు. చివరి నెలసరి తేదీ ఫారంలో రాయాలి, ముందే చూసుకుని వెళ్ళండి.

ఆరో తరగతి నుంచి హైస్కూలు మొదటి ఏడాది మధ్య కూతురుంటే, మీ అడ్రసు ఇక్కడ నమోదై ఉంటే చాలు, టీకా ఉచితం. ఒకవేళ నెలసరి కాని రోజుల్లో రక్తం కనిపిస్తే మాత్రం కవరు కోసం చూడకండి, నేరుగా ఫుజింకాకి, అంటే ఆడవాళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళండి.