చలిలో నడిస్తే ఛాతీ బిగుసుకుంటోంది

ప్రశ్న: నా వయసు 58 సంవత్సరాలు. ఎనిమిదేళ్లుగా రక్తపోటుకు మాత్రలు వాడుతున్నాను. రోజూ తెల్లవారుజామున చీకటి ఉండగానే లేచి గంటసేపు ఆరుబయట వేగంగా నడవడం నాకు అలవాటు. చలి మొదలైనప్పటి నుంచి, నడక ప్రారంభించిన పది నిమిషాలకు ఛాతీ బిగుసుకున్నట్లు అనిపిస్తోంది. ఆగితే రెండు మూడు నిమిషాల్లో తగ్గుతోంది. ఇంటికి వచ్చాక కొంతసేపు పొడిదగ్గు వస్తోంది. అదంతా చలి వల్లేనని ఇంట్లోవారు అంటున్నారు. చలికాలం పోయేదాకా నడక మానేయాలా?
– ఒక పాఠకుడు

జవాబు: నడిస్తే వచ్చి, ఆగితే తగ్గే ఛాతీ బిగుతును దయచేసి చలి ఖాతాలో వేయకండి. గుండె కండరానికి రక్తాన్ని అందించే ధమనులు సన్నబడినవారిలో కనిపించే నొప్పి, వైద్యులు యాంజైనా అని పిలిచేది, సరిగ్గా ఇలాగే ఉంటుంది. మీది అదేనని పరీక్షించకుండా నేను చెప్పలేను కానీ, మీ వయసునూ రక్తపోటునూ చూస్తే, అది కాదని తేలేంతవరకు ఆరుబయట వేగంగా నడవడం ఆపి, ఒకటి రెండు రోజుల్లోనే డాక్టరును కలవడం మంచిది. ఈసీజీతో పాటు అవసరమైన ఇతర పరీక్షలు ఆయన సూచిస్తారు. ఈలోగా విశ్రాంతిగా ఉన్నప్పుడు నొప్పి వచ్చినా, ఆగిన తర్వాత కూడా తగ్గకపోయినా, చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా వెంటనే అంబులెన్స్ పిలిపించుకోండి.

మీ ఇంట్లోవారి మాటలోనూ కొంత నిజం ఉంది. శరీరం లోపలి వేడిని కాపాడుకోవడానికి చలిలో చర్మంలోని రక్తనాళాలు కుంచించుకుపోతాయి. దాంతో రక్తపోటు పెరిగి, గుండె మరింత బలంగా రక్తాన్ని నెట్టవలసి వస్తుంది. అదే సమయంలో వేగంగా నడిస్తే దానికి కావలసిన ఆక్సిజన్ కూడా పెరుగుతుంది. వేసవిలో బయటపడని లోపం చలికాలంలో బయటపడడానికి కారణం ఇదే. మాత్రలు వాడేవారిలో కూడా చలికాలంలో రక్తపోటు పెరగవచ్చు కాబట్టి ఉదయం పూట కొలిచి రాసిపెట్టుకోండి. మోతాదును మాత్రం మీకు మీరుగా మార్చకండి.

దగ్గు సంగతి వేరు. మామూలుగా ముక్కు గాలిని వెచ్చబరచి, తడిపి లోపలికి పంపుతుంది. వేగంగా నడిచేటప్పుడు నోటితో పీల్చడం వల్ల చల్లని పొడిగాలి నేరుగా శ్వాసనాళాల్లోకి వెళ్లి వాటిని ఆరబెడుతుంది, కొందరిలో బిగుసుకునేలా చేస్తుంది. ముక్కునూ నోటినీ కప్పేలా మఫ్లర్ చుట్టుకుంటే చాలామందికి ఉపశమనం కలుగుతుంది. పిల్లికూతలు కూడా వినిపిస్తుంటే ఉబ్బసం ఉందేమో చూపించుకోవాలి. పైగా గాలి కదలని చలి ఉదయాల్లో నేలకు దగ్గరి చల్లగాలిపై వెచ్చని గాలి మూతలా నిలిచి, పొగనూ ధూళినీ కిందే పట్టి ఉంచుతుంది. అందుకే చీకటి నడకను నేను సమర్థించను. ఎండ వచ్చాక బయలుదేరడమే మేలు.

డాక్టరు అనుమతించాక కూడా మొదటి పది నిమిషాలు ఇంట్లోనే కాళ్లూ చేతులూ కదిలించి, ఒళ్లు వెచ్చబడిన తర్వాతే బయటకు రండి. ఒక్క మందపాటి దుస్తు కంటే రెండు మూడు పలుచని పొరలు నయం, ఎందుకంటే వేడి పెరిగినకొద్దీ ఒక్కొక్కటీ తీసేయవచ్చు. నూలు బట్ట చెమటను పట్టి ఉంచి చల్లబరుస్తుంది కనుక లోపలి పొరగా తగదు. చెవులనూ చేతివేళ్లనూ కప్పుకోండి. వెళ్లేటప్పుడు గాలికి ఎదురుగా, తిరిగి వచ్చేటప్పుడు గాలి వీపున ఉండేలా దారి ఎంచుకుంటే, చెమట పట్టిన ఒంటికి ఎదురుగాలి తగలదు. చలిలో దాహం అంతగా తెలియదు కాబట్టి దప్పిక వేయకపోయినా నీళ్లు తాగాలి. వణుకు ఆగకపోయినా, మాట తడబడినా శరీర ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గుతోందేమోనని అనుమానించి వెంటనే వెచ్చని చోటికి చేరి, వైద్య సహాయం కోరాలి.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు బిగుతు ఎన్ని నిమిషాల నడకకు వస్తోంది, ఆగాక ఎంతసేపటికి తగ్గుతోంది, మెట్లు ఎక్కినప్పుడు కూడా వస్తోందా అనే వివరాలనూ, మీరు వాడే మాత్రల పేర్లనూ ఒక కాగితం మీద రాసి తీసుకువెళ్లండి.