అంత భూమి వర్సిటీకి ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయి గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. వాణ్ని దింపడానికి వెళ్తే ఎటు చూసినా తుప్పలూ బండలే. అలా పడి ఉండే బదులు కంపెనీలకిస్తే పిల్లలకు ఉద్యోగాలైనా వస్తాయి కదా సార్?
– ఒక తండ్రి, చందానగర్

జవాబు: పిల్లాడి ఉద్యోగం గురించి మీ టెన్షన్ నాకు తెలుసండీ. అయితే అక్కడ తుప్పలెందుకు పెరిగాయో కూడా చూడాలి.

1975లో ఆ వర్సిటీకి 2,300 ఎకరాల పైచిలుకు అప్పగించారు. స్వాధీనమైతే చేశారు గానీ హక్కు బదలాయించలేదు. రెవెన్యూ రికార్డుల్లో అది సర్కారు భూమిగానే ఉండిపోయింది. నేను సర్వీసంతా ఒక విద్యాసంస్థ ఎస్టేట్ సెక్షన్‌లో చేశాను. అక్కడ ఓసారి హాస్టల్ కట్టాలని సర్వేయర్‌ని పిలిస్తే, నక్షాలో ఉన్న హద్దురాయి నేల మీద లేదు. రోడ్డు వేసినప్పుడు పెకలించేశారట. ఆ ఒక్క రాయి కోసం ఫైలు తహసీల్దారు ఆఫీసుకూ మాకూ మధ్య తిరుగుతూనే ఉంది, హాస్టల్ లేవలేదు. ఒక రాయికే అలా అయితే, పట్టా లేని వందల ఎకరాలకు ధైర్యంగా మాస్టర్‌ప్లాన్ ఎవరు గీస్తారు చెప్పండి?

గచ్చిబౌలిలో జరిగిందీ అదే. 2003లో ఆ భూమిలో 400 ఎకరాలు ఒక క్రీడా సంస్థకు కేటాయించారు. దానికి బదులుగా వర్సిటీకి గోపన్‌పల్లిలో 397 ఎకరాలన్నారు. 2006లో ఆ కేటాయింపు రద్దయింది, దాని మీద ఆ సంస్థ వేసిన కేసు మాత్రం 2024 దాకా సాగింది. అన్నేళ్లూ ఎవరూ ఇటుక పెట్టలేదు. తుప్పలు చెట్లయ్యాయి, నెమళ్లూ జింకలూ చేరాయి. ఈలోగా చుట్టుపక్కల ధరలు ఆకాశాన్నంటాయి. 2023 వేలంలో కోకాపేటలో ఎకరం 100 కోట్లు దాటింది. ఆ రేటు చూశాక తుప్పల భూమి ఎవరి కంటికైనా ఖాళీగానే కనిపిస్తుంది. 2025 మార్చి చివర్లో ఆ 400 ఎకరాలు చదును చేయడానికి సర్కారు బుల్డోజర్లు దిగాయి, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనిని ఆపింది.

రాజేంద్రనగర్‌లో కూడా వ్యవసాయ, ఉద్యాన వర్సిటీల భూమి 100 ఎకరాలు హైకోర్టు కొత్త భవనాలకిచ్చారు. హైకోర్టుకు స్థలం కావాలి, కాదనను. కానీ పంటల మీద పరిశోధన చేసే చోట నేల కూడా ప్రయోగశాలే. అది పోతే ఇంకోచోట ఎకరానికి ఎకరం ఇచ్చినా సరిపోదు, ఏళ్ల తరబడి చేసిన పని అక్కడికి రాదు.

కంపెనీలకు స్థలం ఇవ్వొద్దని నేను అననండీ. ముందు వర్సిటీ భూమిని వర్సిటీ పేరుకు మార్చాలి, హద్దులు పాతాలి. ఏ భాగం చదువుకు, ఏ భాగం చెరువులకూ అడవికీ అన్నది రాసి, అందరికీ కనబడేలా పెట్టాలి. ఆ తర్వాత కూడా మిగులు ఉంటే, లీజు డబ్బు వర్సిటీకే చేరే షరతు మీద మాట్లాడుకోవచ్చు.